ఆ పైలట్ ఎందుకు అటకెక్కింది, ఆ నటిని ఎందుకు మార్చారు: మీరే కూపీ లాగడం ఎలా

యూట్యూబ్‌లో ఎప్పుడో ఒకప్పుడు అలాంటి క్లిప్ మీకూ తగిలే ఉంటుంది. సిరీస్ మీకు తెలిసిందే, సెట్ అదే, డైలాగులూ ఇంచుమించు అవే, కానీ హీరోయిన్ ఉండాల్సిన చోట ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఎవరో ఉంటుంది. అది టీవీలో రాని పైలట్. సిరీస్ మొత్తానికి డబ్బు పెట్టే ముందు చానల్ వాళ్లు నమూనాగా తీయించుకునే మొదటి ఎపిసోడ్ అన్నమాట. అది చూసిన వాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే తీర్పు: "ఈమె సరిగ్గా చేయలేదు, అందుకే పీకేశారు."

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. నటన బాగాలేక మార్చడం అసలు లేదనను, కానీ దాన్ని కారణాల్లో చిట్టచివర పెట్టుకుని వెతకడం మొదలుపెడితేనే అసలు సంగతి దొరుకుతుంది. తేదీలు, కాంట్రాక్టులు, పాత్రను ఎలా రాశారు, చానల్ ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ చూశాక కూడా ఏమీ తేలకపోతే అప్పుడు నటన దగ్గరికి రండి. ఉదాహరణలు దాదాపు అన్నీ అమెరికావే చెబుతాను, ఎందుకంటే పైలట్ల తంతు ఏళ్ల తరబడి ఒక పద్ధతిగా నడిచింది అక్కడే. చివర్లో మన హైదరాబాద్‌లో జరిగిన ఒక పెద్ద కథ కూడా ఉంది, అది పైలట్ కాకపోయినా ఈ లెక్కలోకే వస్తుంది.

ముందు కథ ఎక్కడ ఆగిందో తేల్చండి

అమెరికా పెద్ద చానళ్లకి చాలా ఏళ్లు ఒక క్యాలెండర్ ఉండేది. ఎండాకాలంలో కథలు వినడం, చలికాలం నాటికి స్క్రిప్టులు చేతికి రావడం, జనవరిలో ఏవి తీయాలో చెప్పడం, మార్చి ఏప్రిల్ నెలల్లో షూటింగ్, మే నెలలో న్యూయార్క్‌లో ప్రకటనదారుల ముందు కొత్త సిరీస్‌ల ప్రదర్శన. ఒక్కో నెట్‌వర్క్ సుమారుగా ఇరవై దాకా పైలట్లు తీయించుకుని, వాటిలో గుప్పెడు మాత్రమే సిరీస్‌గా తీసుకునేది. అంటే మిగతావి బాగున్నా బాగాలేకపోయినా అటక ఎక్కాల్సిందే. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం అపోహలు పోతాయి: అటకెక్కడం అనేది ఈ వ్యాపారంలో మామూలు సంగతి, ప్రసారం కావడమే విశేషం.

కాబట్టి మీరు పట్టుకున్న పైలట్ ఎప్పుడు తీశారు, మార్పు ఎప్పుడు జరిగింది, ప్రసారం ఎప్పుడు మొదలైంది, ఈ మూడు తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. వాటి మధ్య దూరమే చాలా చెబుతుంది.

షూటింగ్‌కి ముందే నటుడు మారాడంటే అది ఎక్కువగా టేబుల్ రీడ్ తర్వాత జరిగినదై ఉంటుంది. నటీనటులంతా బల్ల చుట్టూ కూర్చుని, నెట్‌వర్క్ పెద్దలు వింటుండగా స్క్రిప్ట్ చదువుతారు, ఎవరి మాట ఎవరికి అతకలేదో అక్కడే తెలిసిపోతుంది. పైలట్ పూర్తయి సిరీస్ ఖాయం అయ్యాక మారితే, చానల్ కథని కొనుక్కుంది కానీ ఒక పాత్ర విషయంలో బేరం పెట్టిందని అర్థం. ఇక షూటింగ్ అయ్యాక ఏడాది పైగా చప్పుడు లేకుండా ఉండి, తర్వాత సగం మంది కొత్తవాళ్లతో వచ్చిందంటే మొత్తం మళ్లీ తీసుంటారు, అప్పుడు ఒక్క నటి మీద తప్పు వేయడం మరీ అన్యాయం.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఈ మూడో రకం. మొదటి పైలట్‌ని 2009 చివర్లో టామ్ మెకార్తీ దర్శకత్వంలో ఉత్తర ఐర్లండ్‌లో, మొరాకోలో తీశారు. డెనేరిస్‌గా టామ్జిన్ మర్చంట్, కేట్లిన్‌గా జెన్నిఫర్ ఈలీ. టీవీలో వచ్చింది 2011 ఏప్రిల్ 17న, అప్పటికి డెనేరిస్ ఎమీలియా క్లార్క్, కేట్లిన్ మిషెల్ ఫెయిర్లీ, దర్శకుడు టిమ్ వాన్ పాటెన్. ఇద్దరు నటీమణులు మారారు కాబట్టి వాళ్ల వల్లే పోయిందనుకుంటారు. కానీ తీసినవాళ్లే చెప్పిన అసలు తంటా వేరు. పైలట్‌ని తెలిసిన రచయితలకి వేసి చూపిస్తే, జెయిమీ, సెర్సీ అనే పాత్రలు అక్కాతమ్ముళ్ల వరస, కవల పిల్లలు అన్న సంగతే చూసేవాళ్లకి అర్థం కాలేదు. మొదటి ఎపిసోడ్ చివరి దెబ్బంతా ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది మరి! అలా చూసినవాళ్లలో ఒకరైన క్రెయిగ్ మేజిన్ కాగితం మీద పెద్ద సమస్య ఉందని పెద్దక్షరాలతో రాసుకున్నాడని తర్వాత వాళ్లే నవ్వుకుంటూ చెప్పారు. ఈలీ సంగతి చూస్తే, ఆమెకి అప్పుడే పాప పుట్టింది, ఇంటికి దూరంగా ఏళ్ల తరబడి ఉండలేనని తప్పుకుంది. మర్చంట్ ఏమో అసలు ఆ పాత్ర మీద తనకే మనసు లేదని చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఒకే పైలట్, రెండు మార్పులు, రెండు వేర్వేరు కారణాలు, ఆ రెండూ కాక స్క్రిప్ట్ సమస్య ఇంకొకటి.

పోయింది నటా, పాత్రా?

ఇది అడగకుండా ముందుకెళ్లకండి. పాత, కొత్త ఎపిసోడ్లలో పాత్ర పేరు పోల్చి చూడండి. పేరు అదే ఉండి మనిషి మారితే అది నటుల మార్పు. పేరు, ఉద్యోగం, స్వభావం అన్నీ మారితే అసలు పాత్రనే తీసేసి ఇంకో పాత్రని రాశారు, పాత నటి దానికి సరిపోయే అవకాశమే లేదు.

ద బిగ్ బ్యాంగ్ థియరీకి 2006లో తీసిన మొదటి పైలట్‌లో పెన్నీ లేదు. ఆ స్థానంలో కేటీ అని ఒక అమ్మాయి, అమండా వాల్ష్ చేసింది. జీవితంలో దెబ్బలు తిన్నది, నోటి దురుసుతనం ఉన్నది, ఎదుటివాళ్ల మంచితనాన్ని వాడుకునే రకం. టెస్ట్ ప్రేక్షకులు షెల్డన్, లెనార్డ్‌ల పక్షాన నిలబడిపోయారు, పాపం పసివాళ్లలాంటి ఈ ఇద్దరినీ ఈ అమ్మాయి ఏం చేస్తుందో అని వాళ్లకి బెంగ. రాసినవాళ్లు ఊహించుకున్నది హాస్యం, జనానికి కనిపించింది ప్రమాదం. సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన చక్ లోరీ ఈ సంగతి తర్వాత దాపరికం లేకుండా చెప్పాడు. సీబీఎస్ చానల్ వాళ్లు మాత్రం కథని వదలకుండా మళ్లీ తీయమన్నారు. అప్పుడు పుట్టింది పెన్నీ, కేలీ క్వోకో వచ్చింది, 2007 సెప్టెంబర్ 24న సిరీస్ మొదలైంది. వాల్ష్ రాసినదాన్ని రాసినట్టే చేసింది, రాసిందే వేరేగా ఉండాల్సింది.

దీనికి భిన్నంగా బఫీ ద వాంపైర్ స్లేయర్ సంగతి చూడండి. దానికి పూర్తి ఎపిసోడ్ కూడా కాదు, పాతిక నిమిషాల ప్రెజెంటేషన్ తీశారు. అందులో విల్లోగా రిఫ్ రీగన్ ఉంటుంది, 1997 మార్చిలో ప్రసారమైనప్పుడు విల్లోగా ఆలిసన్ హానిగన్ ఉంది. పాత్ర పేరు, స్నేహాలు అన్నీ అవే. ఇది నిజంగా నటుల మార్పే. ఇలాంటి ప్రెజెంటేషన్లని పైలట్లు అని పిలుస్తుంటారు గానీ, ఇవి చానల్ పెద్దలకి చూపించడానికే తప్ప జనం ముందుకి రావాలని తీసినవి కావు. "ప్రసారం చేయకుండా తొక్కేశారు" అని వాటి గురించి రాయడం కొంచెం అతి.

ఇక అన్నిటికంటే ముచ్చటైనది స్టార్ ట్రెక్. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఒక మార్పు ఇంకో మార్పుని ఎలా లాక్కొస్తుందో ఇందులో కళ్లారా చూడొచ్చు.

మొదటి పైలట్ పేరు ద కేజ్, షూటింగ్ మొదలైంది 1964 చివర్లో, తీసింది నటి లూసిల్ బాల్ వాళ్ల డెసిలూ స్టూడియో. అందులో అంతరిక్ష నౌకని నడిపేది సిరీస్‌లో కనిపించే కెప్టెన్ కర్క్ కాదు, కెప్టెన్ పైక్, జెఫ్రీ హంటర్ చేశాడు. ఎన్‌బీసీ వాళ్లు చూసి, ఇది బుర్రకి మరీ పని చెబుతోందని కాదన్నారు, అయినా తలుపు పూర్తిగా మూసేయకుండా రెండో పైలట్ తీయమన్నారు, ఆ రోజుల్లో అది అరుదు. హంటర్‌ని ఎవరూ పీకలేదు. రెండోసారి రమ్మంటే అతనే సినిమాలు చూసుకుంటానని రానన్నాడు. అలా విలియం షాట్నర్ వచ్చాడు. ఇద్దరి నటనని పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని వాదించుకునేవాళ్లు ఈ చిన్న విషయం చూసుకోరు.

ద కేజ్ దొరికితే స్పాక్‌ని, అంటే తర్వాత సిరీస్‌లో ఉద్వేగమే చూపించని ఓడ అధికారిని, జాగ్రత్తగా గమనించండి. కొత్త గ్రహం మీద దిగాక, కదిలితే రాగం తీసే నీలి ఆకుల మొక్క ఒకటి కనిపిస్తుంది. స్పాక్ ఆ ఆకుని చేత్తో పట్టుకుని, రాగం ఆగిపోగానే చిన్నపిల్లాడిలా పళ్లన్నీ కనబడేలా నవ్వుతాడు. స్పాక్ నవ్వడం! తర్వాత చూసే స్పాక్ ఎరిగినవాళ్లకి ఒళ్లు ఝల్లుమంటుంది. కారణం ఏమిటంటే, ఆ పైలట్‌లో ఉద్వేగం లేకుండా, లెక్కప్రకారం ఆలోచించే మనిషి స్పాక్ కాదు, ఓడలో రెండో స్థానంలో ఉన్న నంబర్ వన్ అనే స్త్రీ, మేజెల్ బారెట్ చేసిన పాత్ర. రెండో పైలట్‌కి ఆ పాత్రని తీసేశారు. ఆమె చల్లదనాన్ని, లెక్కల బుర్రని తీసుకెళ్లి స్పాక్‌కి పెట్టారు. మనం స్పాక్ అనుకునే స్పాక్‌లో సగం ఒక తీసేసిన పాత్ర నుంచి వచ్చిందే.

నంబర్ వన్‌ని ఎందుకు తీసేశారన్న దానికి రెండు కథలున్నాయి, కూపీ లాగేవాళ్లకి ఇది మంచి పాఠం. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఏళ్ల తరబడి చెప్పినది: ఆడమనిషి ఓడలో అంత పై పదవిలో ఉండటం నెట్‌వర్క్‌కి నచ్చలేదు. ఆ సిరీస్‌లోనే పనిచేసిన హెర్బ్ సోలో, రాబర్ట్ జస్ట్‌మన్ తర్వాత రాసిన పుస్తకంలో చెప్పినది: స్త్రీ పాత్ర మీద కాదు, రాడెన్‌బెరీ ప్రియురాలిని ఆ పాత్రకి పెట్టడం మీదే నెట్‌వర్క్‌కి అభ్యంతరం. బారెట్‌ని ఆయన 1969లో పెళ్లి చేసుకున్నాడు. మొదటి కథ చెప్పిన మనిషికి అది ఎంత అనుకూలమో చూస్తున్నారుగా. నేనైతే రెండో కథ వైపే కొంచెం మొగ్గుతాను. మీరు ఎటు మొగ్గినా సరే, చెబుతున్నవాడికి ఆ కథ వల్ల ఏం ఒరుగుతుందో మాత్రం ప్రతిసారీ అడగండి. అన్నట్టు బారెట్ పోలేదు, సిరీస్‌లో నర్స్ చాపెల్‌గా తిరిగొచ్చింది.

కాంట్రాక్టుల గొడవ

ఇది అంత రంగులున్న విషయం కాదు గానీ, మార్పుల్లో పెద్ద వాటా దీనిదే.

అమెరికా నెట్‌వర్క్ పైలట్‌లో పాత్ర కోసం చివరి ఆడిషన్‌కి వెళ్లే ముందే నటుడి చేత ఆరేడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు. ఎంపిక కాకపోతే అది చిత్తుకాగితం. ఎంపికైతే మాత్రం పైలట్ తీసి, సిరీస్ సంగతి తేలేదాకా అతను వాళ్లకి కట్టుబడి ఉండాలి, ఆ గడువు మామూలుగా జూన్ 30తో ముగిసేది. ఆలోపు నెట్‌వర్క్ ఏమీ తేల్చకపోతే నటుడు వేరే పని చూసుకోవచ్చు, తర్వాత సిరీస్ ఖాయమైనా అతను దొరకడు. మీ కాగితం మీద ఖాయమైన తేదీ జూన్ దాటి ఉండి, ఒక్క నటుడే మారి ఉంటే, నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

రెండోది, సెకండ్ పొజిషన్ అనే ఏర్పాటు. అప్పటికే ఇంకో సిరీస్‌కో పైలట్‌కో కట్టుబడి ఉన్న నటుడిని, అది ఎలాగూ పోతుందిలే అన్న ధీమాతో తీసుకోవడం. అది పోకపోతే వీళ్ల పైలట్‌లో అతని సీన్లన్నీ మళ్లీ ఇంకొకరితో తీయాలి. ఫ్రెండ్స్ ఈ జూదం ఆడి గెలిచింది, అదీ ఒకటి కాదు రెండుసార్లు. మాథ్యూ పెరీ అప్పటికే భవిష్యత్తులో విమానాశ్రయ సామాను మోసేవాళ్ల మీద తీసిన ఎల్ఏఎక్స్ 2194 అనే పైలట్‌కి సంతకం పెట్టి ఉన్నాడు. జెన్నిఫర్ ఆనిస్టన్ సీబీఎస్ దగ్గర మడ్లింగ్ త్రూ అనే సిరీస్‌లో ఉంది, ఆ సిరీస్ 1994 ఎండాకాలంలో నిజంగానే టీవీలో వచ్చింది కూడా. ఆ రెంటిలో ఏది నిలదొక్కుకున్నా ఈరోజు మనం ఛాండ్లర్‌నో రేచెల్‌నో వేరే ముఖంతో చూసేవాళ్లం, వాళ్లిద్దరూ కనిపించే పాత టేపు మీద "నటన బాలేక తీసేశారు" అని ఎవరో ఒకరు తేల్చేసి ఉండేవాళ్లు. నటుడు మారిన పైలట్ దొరికితే, ఆ ఏడాది అతను ఇంకెక్కడ పనిచేస్తున్నాడో చూడండి, ఐదు నిమిషాల పని.

టెస్ట్ స్క్రీనింగ్ అంటే ఎంత నమ్మాలి

పైలట్‌ని కొత్తవాళ్లకి వేసి చూపించి, చేతిలో డయల్ పెట్టి, నచ్చినప్పుడు ఇటు, నచ్చనప్పుడు అటు తిప్పమంటారు. ఈ పద్ధతికి మూలం పాతదే, రేడియో రోజుల్లోనే సీబీఎస్‌కి చెందిన ఫ్రాంక్ స్టాంటన్, సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ కలిసి బటన్లు నొక్కే యంత్రం తయారు చేశారు. ఈ శతాబ్దంలో సీబీఎస్ లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ లోపల ఒక పరిశోధన కేంద్రమే నడిపింది, జూదానికి వచ్చిన టూరిస్టులు కాసేపు కూర్చుని పైలట్ చూసి అభిప్రాయం చెప్పి పోయేవారు. కోట్ల డాలర్ల సిరీస్ భవిష్యత్తు, అప్పుడే స్లాట్ మెషీన్‌లో డబ్బు పోగొట్టుకున్న మనిషి చేతిలో డయల్ మీద ఆధారపడి ఉందంటే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది.

మార్కులు తక్కువ వచ్చాయి కాబట్టి పోయింది అని ఎక్కడైనా చదివితే, అంతటితో ఆగకండి. సైన్‌ఫెల్డ్ పైలట్‌కి టెస్టులో వచ్చిన ఫలితం దారుణం. దాన్ని 1989 జూలై 5న, ఎవరూ పట్టించుకోని ఎండాకాలంలో ఒకసారి వేసి చేతులు దులుపుకున్నారు. ఎన్‌బీసీలో రాత్రి పొద్దుపోయాక వచ్చే కార్యక్రమాలు చూసే రిక్ లుడ్విన్ తన బడ్జెట్‌లోంచి డబ్బు మళ్లించి ఇంకో నాలుగు ఎపిసోడ్లు తీయించాడు. ఆ నాలుగింటి కోసం వెయిట్రెస్ క్లెయిర్ పాత్రని తీసేసి ఎలేన్ అనే పాత్రని తెచ్చారు. అదే మార్కుల కాగితం ఇంకో పైలట్‌ని చంపేసి ఉండేది. కాగితం చంపదు, దాన్ని చేతిలో పట్టుకున్న మనిషి ఏం చేయాలనుకుంటున్నాడన్నదే లెక్క.

ఆల్ ఇన్ ద ఫ్యామిలీ ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే ఇందులో స్క్రిప్ట్ దాదాపు మారలేదు. బ్రిటిష్ సిరీస్ ఒకటి ఆధారంగా నార్మన్ లియర్ 1968లో ఏబీసీకి ఒక పైలట్ తీశాడు, 1969లో ఇంకోటి తీశాడు, రెండూ వాళ్లు వద్దన్నారు. నోటికొచ్చినట్టు జాతి, మతం గురించి మాట్లాడే తండ్రిగా కారల్ ఓకానర్, తల్లిగా జీన్ స్టేపుల్టన్ మూడుసార్లూ ఉన్నారు, కూతురు, అల్లుడు మాత్రం ప్రతిసారీ మారారు. చివరికి సీబీఎస్‌లో రాబర్ట్ వుడ్ అనే కొత్త అధ్యక్షుడు, పల్లెటూరి సిరీస్‌లతో నిండిపోయిన తన చానల్‌ని కుర్ర నగర ప్రేక్షకుల వైపు తిప్పాలనుకుంటుండగా ఇది అతని చేతికి దొరికింది. శాలీ స్ట్రదర్స్, రాబ్ రైనర్ కూతురు అల్లుడుగా 1971 జనవరి 12న వచ్చింది, ముందుజాగ్రత్తగా మొదట్లో ఒక హెచ్చరిక కూడా వేశారు. మూడూ వరసగా చూస్తే పిల్లల పాత్రలు మారాక ఇల్లు నిజంగానే వెలిగిందని ఒప్పుకుంటాను. కానీ ఏబీసీ వద్దన్నది పిల్లల వల్ల కాదు, భయం వల్ల.

డబ్బు, యాజమాన్యం

పైలట్‌లో ఏ లోపమూ కనిపించకపోతే చానల్ వైపు తిరగండి. ఆ నెలల్లో చానల్ అధిపతి మారాడా, కంపెనీ అమ్ముడుపోయిందా, రెండు చానళ్లు కలిశాయా చూడండి.

2006లో ఆక్వామన్ పైలట్‌ని జస్టిన్ హార్ట్‌లీతో తీశారు. సరిగ్గా ఆ సమయంలోనే ద డబ్ల్యూబీ, యూపీఎన్ రెండూ మూతపడి, రెంటి బదులు సీడబ్ల్యూ అనే ఒకే చానల్ వచ్చింది. రెండు చానళ్ల సరుకు ఒక చానల్ షెడ్యూల్‌లోకి ఇరికించాలంటే కొత్తవాటికి చోటెక్కడ? మే నెలలో వద్దన్నారు. జూలైలో ఐట్యూన్స్‌లో అమ్మకానికి పెడితే జనం ఎగబడి కొన్నారు. హార్ట్‌లీని అదే చానల్ అదే ఏడాది స్మాల్‌విల్‌లో ఇంకో సూపర్ హీరోగా పెట్టుకుంది, కాబట్టి అతని మీద కోపమేమీ లేదు. ఆ పైలట్‌లో విలన్ జలకన్యగా చేసిన ఆడ్రియాన్ పాలికి 2011లో ఎన్‌బీసీ కోసం వండర్ ఉమన్ పైలట్‌లో హీరోయిన్‌గా చేసింది. అదీ అటకెక్కింది. ఆమెకి డీసీ కామిక్స్ సూపర్ హీరోలతో అసలు అచ్చిరాలేదు.

మొత్తం ఎక్కువ ఖర్చయితే అటకెక్కించడం కష్టమని అనుకుంటాం. కొన్నిసార్లు నిజమే, లాస్ట్ పైలట్ 2004లో కోటి డాలర్లు దాటింది, దాన్ని ఒప్పుకున్న ఏబీసీ పెద్ద లాయిడ్ బ్రౌన్ ఉద్యోగం పోయింది, సిరీస్ మాత్రం వచ్చి దుమ్ము లేపింది. కానీ గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి వేల ఏళ్ల ముందు జరిగే కథగా నవోమీ వాట్స్‌తో 2019లో తీసిన పైలట్‌కి మూడు కోట్ల డాలర్లకు పైనే అయిందని, దాన్ని తీయించిన హెచ్‌బీఓ చానల్ మాతృసంస్థలో అప్పటి అధికారి రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ తర్వాత చెప్పాడు. అయినా అక్టోబర్‌లో వద్దనుకున్నారు, అదే రోజు హౌస్ ఆఫ్ ద డ్రాగన్‌ని పైలట్ లేకుండానే ప్రకటించారు. మూడు కోట్లు పోవడం పెద్దదే, కానీ నమ్మకం లేని సిరీస్ పదేసి ఎపిసోడ్లు తీస్తే పోయేది ఎన్నో రెట్లు. పైలట్ అంటేనే అందుకు.

పైలట్ లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూశాం

నెట్‌ఫ్లిక్స్ మొదటినుంచీ పైలట్ తీయకుండా నేరుగా సిరీస్ మొత్తానికి ఒప్పుకోవడం అలవాటు చేసింది, హౌస్ ఆఫ్ కార్డ్స్‌కి ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండా రెండు సీజన్లకు సరే అంది. అది బాగా పండింది కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. పండకపోతే ఎలా ఉంటుందో బాహుబలి: బిఫోర్ ద బిగినింగ్ చెబుతుంది. ఆనంద్ నీలకంఠన్ రాసిన శివగామి నవల ఆధారంగా 2018లో ప్రకటించారు. దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులు, యువ శివగామిగా మృణాల్ ఠాకూర్. చాలా భాగం తీశాక అది నచ్చక పక్కన పెట్టారు. తర్వాత దర్శకులు మారారు, శివగామిగా వామికా గబ్బీ వచ్చింది, మళ్లీ మొదలైంది, 2022 మొదట్లో అదీ ఆగిపోయిందని వార్తలొచ్చాయి. నూట యాభై కోట్ల దాకా ఖర్చని పత్రికలు రాశాయి.

ఇప్పుడు పైన చెప్పిన పద్ధతి దీనికి పెట్టండి. నటి ఒక్కతే మారిందా? లేదు, దర్శకులు కూడా మారారు, కాబట్టి ఠాకూర్ నటన మీదికి వెళ్లే ముందు చాలా ప్రశ్నలున్నాయి (ఆమె అదే 2022లో సీతారామం చేసింది, నటన సంగతి అందరం చూశాం). రెండోసారి కూడా ఆగిపోయిందంటే సమస్య మొదటి బృందంతోనే పోలేదని తెలుస్తోంది. ముందు ఒక్క ఎపిసోడ్ పూర్తిగా తీసి చూసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా అన్నది నా అనుమానం.

మన డైలీ సీరియళ్లలో ఈ బాధే లేదనుకోండి. పైలట్ ఉండదు, ముందుగా తీసి పెట్టుకున్న ఎపిసోడ్లు (బ్యాంకింగ్ అంటారు) నాలుగు రోజులకి సరిపడా ఉంటే గొప్ప. హీరోయిన్ మారాల్సి వస్తే ప్రసారం మధ్యలోనే మారిపోతుంది, ఇకపై ఈ పాత్రలో ఫలానా అని తెర మీద ఒక కార్డు వేస్తారు, అత్తగారు ఏమీ ఎరగనట్టు కొత్త కోడల్ని పాత కోపంతోనే తిడుతుంది.

వార్తలు చదివేటప్పుడు

డెడ్‌లైన్, వెరైటీ, హాలీవుడ్ రిపోర్టర్, సినిమా టీవీ వ్యాపార వార్తలు రాసే ఈ మూడింటిలో పాత వార్తలు తేదీ వరసలో చదవండి, తర్వాత ఎవరో రాసిన "పది విచిత్రమైన పైలట్లు" లాంటి వ్యాసాలు చదవకండి, వాటిలో సగం ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. క్రియేటివ్ డిఫరెన్సెస్, అంటే కళాపరమైన అభిప్రాయభేదాలు, అన్న మాట కనిపిస్తే అందులో సమాచారం ఏమీ లేదని దాటేయండి. పాత్రని కొత్త దిశలో తీసుకెళ్తున్నాం అంటే మాత్రం గుర్తు పెట్టుకోండి, అది నిజంగా పాత్ర మారిందనే కావచ్చు, పేరు పోల్చి చూస్తే తెలుస్తుంది. పెనాల్టీ ఉన్న ఒప్పందం అని ఎక్కడైనా ఉంటే, తీసుకోకపోతే చానల్ డబ్బు కట్టాలి, అలాంటిది కూడా అటకెక్కిందంటే విషయం గట్టిదే. తీసిన కొత్తలో అందరూ మర్యాదగా అబద్ధాలు చెబుతారు. పదేళ్ల తర్వాతి ఇంటర్వ్యూలు నిజానికి దగ్గరగా ఉంటాయి, కాకపోతే అప్పటికి జ్ఞాపకం తనకి అనుకూలంగా వంగి ఉంటుంది, రాడెన్‌బెరీ సంగతి చూశాం కదా.

చూడటం మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: మొదట షెర్లాక్. 2009లో బీబీసీ కోసం అరవై నిమిషాల పైలట్ తీశారు, నటులు అవే ముఖాలు, కంబర్‌బాచ్, ఫ్రీమన్ ఇద్దరూ ఉన్నారు. బీబీసీకి నచ్చింది కూడా, కానీ తొంభై నిమిషాల ఎపిసోడ్లు కావాలంది, దాంతో అదే కథని కొత్త దర్శకుడితో మొత్తం మళ్లీ తీసి 2010లో వేశారు. పాత పైలట్ డీవీడీలో అధికారికంగా ఇచ్చారు. నటులు మారలేదు కాబట్టి ఎడిటింగ్, వెలుతురు, నిడివి ఎపిసోడ్‌ని ఎంత మారుస్తాయో మీ దృష్టికి స్పష్టంగా వస్తుంది. అది అలవాటయ్యాక ద కేజ్ చూడండి. అసలు నెగటివ్‌ని కోసి 1966లో ఇంకో రెండు భాగాల ఎపిసోడ్‌లో వాడేసుకున్నారు, అందుకే 1986లో వీడియోగా వచ్చినప్పుడు కొన్ని భాగాలు రంగుల్లో, కొన్ని నలుపు తెలుపుల్లో ఉండేవి, పూర్తి రంగుల్లో టీవీలో వచ్చింది 1988లో. ఇప్పుడు దొరికేది రంగులదే. దాని వెంటనే రెండో పైలట్ వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్ పెట్టుకోండి, మధ్యలో విరామం తీసుకోకుండా, కెప్టెన్ల కంటే స్పాక్ మీదే కన్నేసి ఉంచండి. రెండోదాంట్లో కూడా అతను ఇంకా పూర్తిగా మన స్పాక్ కాలేదు, గొంతు ఎక్కడ పెంచుతున్నాడో చూస్తే తెలిసిపోతుంది.